నా కుడి పాదం, రూతమ్మ గారి శనివారాలు

ఆ రోజు ఉదయం హాల్లోంచి వంటింటి దాకా నేల మీద గోధుమరంగు మరకలు కనిపించాయి. టీ ఒలికిందనుకుని తుడిచాను. కాసేపటికి అదే దారిలో మళ్లీ మరకలు, ఈసారి ఇంకా తడిగా. రెండోసారి తుడుస్తున్నప్పుడు తెలిసింది, అవి నా కుడి పాదం నుంచే వస్తున్నాయని. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి భయం కూడా వేయలేదు.

నాకు యాభై తొమ్మిదేళ్లు. మాది తెనాలి వైపు. ఉద్యోగాల కోసం వచ్చి మేడ్చల్‌లో స్థిరపడ్డాం. ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. పిల్లలు లేరు. అప్పటికి మావారు పోయి పది నెలలైంది. నాకు పదిహేనేళ్లుగా షుగర్ ఉంది. ఆయన ఉన్నప్పుడు మాత్రలు గుర్తు చేసేవారు. ఆయన పోయాక కొన్నాళ్లు వేసుకున్నాను, కొన్నాళ్లు మానేశాను.

పుండు రెండో వేలి కింద ఉంది. పౌడరు చల్లి దూది పెట్టాను. మర్నాడు మా ఇంట్లో పనిచేసే యాదమ్మ చూసింది.

"గిదేంది మేడం, ఇంత పుండైంది, నొస్తలేదా?"

"లేదు."

"నొస్తలేదంటే ఇంక పరేషాన్ గావాలె. మా అత్తకు గూడ గిట్లనే అయింది. శామీర్‌పేట తొవ్వల చర్చి ఉంది గదా, శనారం శనారం ఆడ కాళ్లు కడిగి చూస్తరు. పైసలు తీసుకోరు. నడువుండ్రి."

చర్చి అనగానే వెనకాడాను. వైద్యం పేరుతో ఏదో చెబుతారని, తర్వాత ఏదో అడుగుతారని అనుమానం. అయినా శనివారం రాగానే యాదమ్మ ఆటో పిలిచేసింది.

చర్చి వెనక రేకుల షెడ్డు. పది కుర్చీలు, పది ప్లాస్టిక్ టబ్బులు, గోరువెచ్చని నీళ్లు. రావల్కోల్ లాంటి ఊళ్ల నుంచి వచ్చిన రైతులు, కూలీలు కూర్చుని ఉన్నారు. ఈస్టర్‌కు ముందు వచ్చే గురువారం చర్చిలో ఒకరి పాదాలు ఒకరు కడగడం వాళ్ల ఆచారమట. ఒక ఏడు అలా కడుగుతున్నప్పుడు ఒక ముసలాయన పాదానికి పుండు కనిపించింది. అది ఉన్నట్టు ఆయనకే తెలియదు. అప్పటి నుంచి ఏడాదికి ఒక గురువారం చాలదని ప్రతి శనివారం పెట్టుకున్నారు. ఒక రిటైర్డ్ నర్సు పాదాలు పరీక్షిస్తుంది. కడిగేవాళ్లంతా ఆ చర్చికి వచ్చే మామూలు సంఘస్థులు.

నా ముందు వచ్చి కూర్చున్నది రూతమ్మ గారు. డెబ్బైకి దగ్గర పడిన మనిషి. మోచేతితో నీళ్ల వేడి చూసుకుని నా పాదం పట్టుకోబోయింది. నేను వెనక్కి లాక్కున్నాను.

"మీరు పెద్దవారు. నా కాళ్లు పట్టుకోకూడదు."

"పెద్దదాన్నని ఒక్కలు గూడ పట్టనియ్యకపోతే నేనేం జెయ్యాలె, టబ్బు కడుక్కుంట గూసోవాల్నా?"

పక్కవాళ్లు నవ్వారు. నేను లేచి వచ్చేశాను. వయసు ఒక్కటే కారణమని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. చర్చి మనిషి చేయి పడకూడదన్న పట్టుదల కూడా ఉంది. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మూడు వారాల తర్వాత చలిజ్వరం వచ్చింది. పాదం వాచి, వాసన వేసింది. యాదమ్మే కొంపల్లిలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఎక్స్‌రే, రక్త ప్రసరణ చూసే డాప్లర్, ఎమ్మారై అన్నీ చేశారు. డాక్టరు గారు కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పారు.

"డయాబెటిక్ ఫుట్ అమ్మా. న్యూరోపతీ వల్ల స్పర్శ పోయింది. ఇన్ఫెక్షన్ ఎముకలోకి వెళ్లింది, ఆస్టియోమైలైటిస్. రక్త ప్రసరణ బాగుంది, అది అదృష్టం. రెండో వేలు తీసేయాలి. పాదం నిలబడుతుందా లేదా అన్నది ఆ తర్వాత మీరెలా ఉంటారన్నదాని మీద ఉంది."

తర్వాత మామూలుగా అడిగారు. "ఇంత పుండయ్యేదాకా మీకెలా కనబడలేదు?"

జవాబు నాకు తెలుసు. పదకొండో రోజున మెట్టెలు తీసేసినప్పటి నుంచి ఆ మరకల రోజు దాకా నేను నా పాదాలు చూసుకోలేదు. చూస్తే ఆ రెండు వేళ్ల మీద తెల్లటి గుర్తులు కనిపించేవి. స్నానం చేస్తూ కూడా తల పక్కకు తిప్పుకునేదాన్ని. పుండు పడింది సరిగ్గా ఆ వేలికే.

వేలు తీశారు. వారం తర్వాత ఇంటికి పంపారు. రోజూ డ్రెస్సింగ్, మడమ మీదే బరువు పడే ప్రత్యేకమైన చెప్పు, రెండు నెలలు వీలైనంత మంచం మీదే. డ్రెస్సింగ్ ఎవరు చేస్తారని ఆలోచిస్తుండగానే రూతమ్మ గారు తలుపు తట్టింది. యాదమ్మ చెప్పిందట. కట్టు కట్టడం ఆమెకు చర్చిలో నర్సు నేర్పింది.

"ఇగ ఇప్పుడు గూడ పెద్దదాన్ననే అంటరా?"

"అంటాను. మీరు చేస్తే నాకు మనసొప్పదు."

ఆమె ముక్కాలి పీట లాక్కుని కూర్చుని, తన కాళ్లే నా మంచం మీద పెట్టింది. "అయితే ముందుగాల నా కాళ్లు మీరు చూడుండ్రి. నాకు గూడ షుగరే. ఎవలి అరికాలు వాళ్లకు కనపడది. చర్చిల అట్లనే ఒగలియి ఒగలం చూస్కుంటం."

కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. నలభై ఏళ్లు నాట్లేసిన పాదాలు. మడమల్లో లోతైన పగుళ్లు. ఒక పగులు పక్కన నల్లటి చుక్క ఉంది. సూదితో కదిపితే తుమ్మముల్లు కొస ఊడి వచ్చింది. ఆమెకు తెలియనే లేదు. చేతిలో పెట్టి చూపిస్తే, "ఓరి దీనవ్వ! ఎప్పటి నుంచి తిరుగుతాందో నాతోని" అంది. మావారు పోయాక నేను నవ్వడం ఆ రోజే. తర్వాత నా పాదం చాపాను.

అలా రోజూ వచ్చేది. కట్టు ముగిశాక ఒక నిమిషం కళ్లు మూసుకునేది.

"ప్రార్థన చేస్తున్నారా?" అని ఒకరోజు అడిగాను.

"చేస్తున్న. మీకేమన్న అడ్డమా?"

"లేదు."

"అయితే కాలు కదపకుండ్రి."

అంతకు మించి మతం మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మెట్టెల సంగతి ఆమెకు చెప్పాను. ఎవరికీ చెప్పనిది. విని, "మా ఆయన పోయినంక నేను మూడు నెల్లు దువ్వెన ముట్టలే. పేలు పడ్డయి. గంతే ఒరిగింది" అంది.

నాలుగో వారంలో మావారి సంవత్సరీకం వచ్చింది. మరిదిగారు వచ్చి కార్యం చేశారు. వంట మాత్రం నేనే చేస్తానని పట్టుబట్టాను. మడివంటకు చెప్పు వేసుకోకూడదు కదా. తడిచీరతో, వట్టి పాదాలతో నాలుగు గంటలు పొయ్యి దగ్గర నిలబడ్డాను. సాయంత్రానికి కట్టు తడిసిపోయింది. కుట్లు విడిపోయాయి.

డాక్టరు గారు కట్టు విప్పి చూశారు. "మళ్లీ డీబ్రైడ్‌మెంట్ చేయాలి, పాడైన కండ కోసి తీసేయాలి. ఇంకొక్కసారి ఇలా జరిగితే పాదం సగం తీయాల్సి వస్తుంది. అప్పుడు నన్ను అడగొద్దు" అన్నారు.

ఇంటికి వచ్చాక రూతమ్మ గారు తిట్టలేదు. పాత కట్టు విప్పుతూ అడిగింది. "సారు కోసం నిలబడ్డరు. మంచిదే. సారుంటే చెప్పు ఇడిసి నిలబడుమంటుండెనా?"

"అనరు."

"మరి?"

ఆయన బతికుంటే చెప్పు తెచ్చి నా కాలికి తొడిగేవారు, కూర తానే కలిపేవారు. పోయినవాళ్లకు ఇష్టం లేని పని వాళ్ల పేరు మీద చేశానని ఆ రోజు అర్థమైంది. ఆ సాయంత్రం నుంచి మంచం దిగితే చెప్పుతోనే దిగాను. మాత్రలు ఒక్క పూట కూడా మానలేదు.

పుండు పూడడానికి ఇంకో మూడు నెలలు పట్టింది. చివరి రోజు డాక్టరు గారు బొటనవేలితో పాదమంతా నొక్కి చూసి, "నిలబెట్టుకున్నారమ్మా" అన్నారు.

ఇప్పుడు ఏడాదిన్నర అయింది. స్పర్శ తిరిగి రాలేదు, రాదు కూడా. షుగర్ ఉన్నవాళ్ల కోసం చేసే మెత్తటి ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పులు ఇంట్లోనూ వేసుకుంటాను, దేవుడి గదిలోకి కూడా వాటితోనే వెళతాను. శనివారాలు ఆ రేకుల షెడ్డులో ఉంటాను. గొంతుకూర్చోలేను కాబట్టి నాకు ఒక ఎత్తు పీట వేశారు. రూతమ్మ గారు నన్ను చెల్లె అంటుంది. మొన్న నేను ఒక గొర్రెల కాపరి పాదం తుడుస్తుంటే చూసి, "మెల్లగ చెల్లె, అది పుస్తకం గాదు దుమ్ము దులపనీకి" అంది.

షుగర్ ఉన్నవాళ్లకు చెప్పేది ఒక్కటే. ప్రతి రోజూ వెలుతురు ఉండగానే అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి. వంగలేకపోతే నేల మీద అద్దం పెట్టుకోండి. ఇంట్లో మనిషి పోయిన ఏడాది ఈ పని చేయబుద్ధి కాదు, నాకు తెలుసు. ఆ ఏడాది చూసే పని ఇంకొకరికి అప్పగించండి. వాళ్లు పీట వేసుకుని కూర్చుంటే కాలు వెనక్కి తీసుకోకండి.