టెంకాయ చిప్పలో కొవ్వొత్తి

మా అత్త దేవకమ్మ కొత్త వస్తువు దేన్నీ పసుపు, కుంకుమ పెట్టనిదే వాడదు. గ్యాస్ సిలిండరుకూ బొట్టే, నా ల్యాప్‌టాప్‌కూ బొట్టే. వద్దని చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే.

కిందటి శ్రావణంలో పక్కింటి ప్రసన్నకుమారి పోయింది. వడమాలపేటలో ముప్పయ్యేళ్లు ఇద్దరిదీ ఒకే వీధి, ఒకే కొళాయి. ఈస్టర్ తెల్లవారుజామున వాళ్లు సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగిస్తారు. భర్త సమాధి మీద కొవ్వొత్తి చేలగాలికి నిలవడం లేదని ఆమె ఏటా మా అత్త దగ్గర వాపోయేది. ఈసారి ఆమె సమాధికే మొదటి ఈస్టర్. స్నేహితురాలి కొవ్వొత్తి ఆరడానికి వీల్లేదని మా అత్త పట్టుబట్టింది.

టెంకాయ చిప్పల పీచు గీకి, ఉప్పుకాగితంతో రుద్ది, నూనె పట్టించింది. మామయ్య సుబ్రమణ్యం చుట్టూ పువ్వుల్లా రంధ్రాలు వేశాడు. పోయినవాళ్ల మీదున్న శ్రద్ధ ఉన్నవాళ్ల మీద లేదని సణుగుతూనే వేశాడు. నాలుగు పగిలాయి, అయిదోది కుదిరింది. అడుగున ఇసుక పోసి, కొవ్వొత్తి గుచ్చి, ఫ్యాను కింద పెట్టి మరీ చూసింది. ఆరలేదు.

శనివారం ప్రసన్నకుమారి కొడుకు జోయల్ వచ్చి తీసుకెళ్లాడు. అతను వీధి మలుపు తిరిగాక, మా అత్త తన వేలికంటిన కుంకుమ చూసుకుని కూలబడింది. అలవాటు కొద్దీ చిప్పకు మూడు బొట్లు పెట్టేసింది. ప్రసన్నకుమారి ఎన్నడూ బొట్టు పెట్టుకున్న మనిషి కాదు. పేరంటానికి వచ్చినా మా అత్త ఆమెకు పూలు, పండు మాత్రమే ఇచ్చేది. బతికుండగా అంత జాగ్రత్తపడి, ఇప్పుడిలా చేశానే అని అన్నం ముట్టలేదు. తన వల్ల జోయల్ నలుగురిలో మాట పడతాడేమోనని మరీ బెంగ. ఫోన్ చేస్తే అతను ఎత్తలేదు.

తెల్లారక ముందే నన్ను లేపి సమాధుల దొడ్డికి నడిపించింది. గేటు దగ్గరే ఆగిపోయింది. మాలో ఆడవాళ్లు కన్నతల్లిని సాగనంపడానికైనా శ్మశానంలో అడుగు పెట్టరు. లోపల చిప్పలో కొవ్వొత్తి నిలకడగా వెలుగుతోంది. బొట్లు అలాగే ఉన్నాయి. సంఘ పెద్ద వంగి చూసి, ఇవెవరు పెట్టారని అడిగాడు.

ఇన్నేళ్లూ మా అత్తను ఆంటీ అని పిలిచిన జోయల్, "మా పెద్దమ్మ" అన్నాడు. ఆయన తలూపి పక్క సమాధి వైపు నడిచాడు. జోయల్ గేటు వైపు తిరిగాడు.

"ఆడనే నిలబడిపోయినావే పెద్దమ్మా? లోపలికి రా. మాయమ్మ ఉండేది ఈడ గదా."

మా అత్త చెప్పులు విడిచి, నన్ను కూడా మరిచిపోయి, లోపలికి నడిచింది.