చేపలతొట్టి బాబాయి

ఆ పేరు రావడానికి కారణం అతని సొంత అన్నే. అప్పట్లో ఇద్దరూ ఒకే షెడ్డులో బళ్లు బాగుచేసేవారు. ఒక కారు హెడ్‌లైటు లోపల ఆవిరి పడుతోందని తెచ్చారు. వెనకాల ఉన్న సన్నని గాలిరంధ్రంలోంచే నీళ్లు దూరుతున్నాయని అన్న తేల్చేసి, దాన్ని గమ్ముతో మూసేశాడు. లైటు ఊపిరి తీసుకునేది దాంతోనేనని తమ్ముడు మొత్తుకున్నాడు. వింటేనా. అంచుల్లోంచి చేరిన తడికి బయటపడే దారిలేక, నాలుగు వానలకే అద్దం వెనక నీళ్లు నిలిచాయి.

"ఇందులో చేపలు కూడా మీరే వేసిస్తారా?" అని కారాయన అందరి ముందూ అడిగాడు.

అన్న తల తిప్పకుండా వేలు మాత్రం తమ్ముడి వైపు చూపించాడు. "వీడి పని."

వీధికి అంతకంటే ఏం కావాలి. సాయంత్రానికల్లా పేరు అంటుకుంది. తమ్ముడు పానాలు సర్దుకుని ఇంటి వరండాలో బల్ల వేసుకున్నాడు. హెడ్‌లైట్లు తప్ప మరో పని ముట్టలేదు. మూత తీసి, రంధ్రంలో దుమ్ము ఊది, అరిగిన రబ్బరు మార్చి, భార్య జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో లోపలంతా ఆరబెట్టేవాడు.

"నా తలకంటే ఈ లైట్లంటేనే నీకు గౌరవం," అనేది ఆవిడ, తడిజుట్టుతో గుమ్మంలో నిలబడి.

పని పెరిగింది, పేరు మాత్రం వదల్లేదు. అతనికి కావలసింది ఒక్కటే. అన్న నోటి వెంట, నలుగురిలో, నిజం.

మొన్న వానల్లో అన్నే వచ్చాడు, సొంత కారుతో. లైట్లు రెండూ మసక. వరండా నిండా వంతు కోసం కూర్చున్నవాళ్లు. మూత తీస్తే రంధ్రం నిండా గమ్ము. తమ్ముడు దాన్ని గీకేసి, డ్రయ్యరు పెట్టి, తాపీగా అడిగాడు.

"ఎవరన్నయ్యా ఇది మూసింది?"

ఆ మోతలో అన్న ఏదో గొణిగాడు. తమ్ముడు డ్రయ్యరు ఆపేశాడు. వరండా అంతా చెవులు రిక్కించింది.

"వినపడలేదు. మళ్లీ చెప్పు."

"నేనేరా. ఇదీ నేనే, అప్పటిదీ నేనే. చాలా?"

"అయితే ఆ పేరు తమరికి మార్చేద్దామాండీ?" అన్నాడు బెంచీ మీది ఆటోవాలా. అందరూ నవ్వారు. అన్న కూడా, కాస్త ఆలస్యంగా.

తమ్ముడు నవ్వలేదు. డ్రయ్యరు మళ్లీ వేసి, మిగిలిన తడి ఆరబెట్టి, లైట్లు బిగించాడు. అన్న బండి తీస్తుంటే కిటికీ దగ్గరికి వంగాడు.

"వాన పడ్డాక ఒకసారి రా, తడి చేరిందేమో చూస్తా. చేరకపోయినా రా. గమ్ము మాత్రం ఇంట్లో పెట్టి రా."