ఎడమ చెంప పక్కన కిటికీ

2006. పుదుచ్చేరి రెడ్డియార్‌పాళయంలో ఒక టైల్స్ షాపు మీది మేడలో మా డిజైన్ ఆఫీసు ఉండేది. మాకు వచ్చేవి మిక్సీ బాడీలు, వాటర్ ఫిల్టర్ మూతలు, టేబుల్ ఫ్యాను అడుగు పీటలు. ప్లాస్టిక్ వస్తువు ఏదైనా పైకి కనిపించే ఆకారాన్ని మేము కంప్యూటర్‌లో గీసిస్తాం, అచ్చు పోసేవాళ్లు వేరే ఉంటారు. అలాంటి ఆఫీసుకి ఆ సంవత్సరం ఒక తుపాకీ వచ్చింది.

ఉత్తరాది కంపెనీ ఒకటి సైన్యానికి చూపించడానికి పొట్టి బుల్‌పప్ బాటిల్ రైఫిల్ తయారు చేస్తోంది. గొట్టం, లోపలి యంత్రం వాళ్లవి. భుజానికి ఆనేది, చెంప ఆనేది, చేత్తో పట్టుకునేది, అంటే మనిషి ఒంటికి తగిలేదంతా మాది. మా యజమాని గోపాలన్ సార్ ఆ పనిని నా బల్ల మీద పెట్టి, "వసంతా, మిక్సీలు చాలు, ఇక పెద్ద పని చెయ్" అన్నారు. నేను పొంగిపోయాను. ఇంట్లో అమ్మ అడిగితే మాత్రం కంపెనీ రహస్యం అని నాకు నేనే సర్దిచెప్పుకుని, కొత్త రకం మెషిన్ బాడీ అని ఊరుకున్నాను. ఆవిడ దాన్ని మిక్సీ కిందే జమ కట్టుకుంది. నేనూ దిద్దలేదు.

బుల్‌పప్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెబుతాను. మామూలు రైఫిల్‌లో తూటాల పెట్టె ట్రిగ్గర్‌కి ముందు ఉంటుంది. బుల్‌పప్‌లో దాన్ని ట్రిగ్గర్ వెనక్కి, భుజానికి ఆనే భాగంలోకి తోసేస్తారు. గొట్టం పొడవు తగ్గకుండానే తుపాకీ పొట్టిదవుతుంది. జీపులోంచి దూకడానికి, ఇరుకు సందుల్లో తిరగడానికి వీలు. బాటిల్ రైఫిల్ అంటే పెద్ద తూటా కాల్చేది. ఈ రెండూ కలిపితే ఒక చిక్కు వస్తుంది. తూటా పేలేది కాల్చేవాడి చెంప దగ్గరే. ఖాళీ అయిన ఇత్తడి తొడుగు బయటికి ఎగిరిపోయే కిటికీని ఇజెక్షన్ పోర్ట్ అంటారు. అది తుపాకీకి కుడి పక్కన ఉంటే కుడి భుజంతో కాల్చేవాడికి ఏ బాధా లేదు. ఎడమ భుజానికి పెట్టుకున్నవాడికి మాత్రం కాలే ఇత్తడి నేరుగా మొహం మీదికి వస్తుంది.

మొదటి మీటింగులోనే ఈ ప్రశ్న వచ్చింది. కిటికీ ఒక పక్కనే పెట్టాలా, రెండు పక్కలా పెట్టి అవసరం లేనిదాన్ని మూతతో మూసుకునేలా చెయ్యాలా? రెండోది చెయ్యాలంటే విడిభాగాలు ఎక్కువ, తలనొప్పీ ఎక్కువ. కంపెనీ తరఫున వచ్చిన రిటైర్డ్ మేజరు గారు మా వైపు చూశారు. ఎవరూ అడగకముందే నేను నోరు తెరిచాను.

"ఎడమచేతి వాటం వాళ్లు ఎంతమంది ఉంటారు సార్? కుడి భుజంతో నేర్పిస్తే అలవాటైపోతుంది. అదేమంత కష్టం కాదు."

ఎంత ధీమాగా అన్నానో ఇప్పటికీ చెవిలో వినిపిస్తుంది. ఎందుకంటే ఆ మాట నాకు పుస్తకాల్లోంచి రాలేదు. నేను పుట్టుకతో ఎడమచేతి వాటం మనిషిని. మా ఇళ్లలో దాన్ని పుర్రచెయ్యి అంటారు. చిన్నప్పుడు అన్నం దగ్గర కూర్చుంటే అమ్మ పాత చీర అంచు చింపి నా ఎడమ మణికట్టుని నడుముకి కట్టేది. ఏడ్చి, కక్కి, చివరికి కుడిచేత్తో తిన్నాను. పలక పట్టాను, డ్రాయింగ్ బోర్డు పట్టాను, మౌసూ పట్టాను. బడిలో చదివింది తమిళం కాబట్టి పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్న ఈ తెలుగు రాత కూడా కుడిచేతిదే. ఆఫీసులో ఒక్కరికీ తెలియదు. తెలిస్తే కొంపలేం మునగవు. అయినా దాచాను, ఒంటి మీద మచ్చ దాచుకున్నట్టు.

కిటికీ కుడి పక్కకే ఖాయమైంది. నేను మూడు నెలలు చెమటోడ్చి ఆకారం పూర్తి చేశాను. అచ్చులకి ఆర్డరు ఇచ్చే ముందు చెక్కతో అసలు కొలతల నమూనా చేయించి, వాడే మనుషుల చేతికిచ్చి చూడటం మా పద్ధతి. మేజరు గారు ముగ్గురు సైనికుల్ని తీసుకొచ్చారు. ఇద్దరు దాన్ని భుజానికి పెట్టుకుని, బరువు బాగుంది, పిడి బాగుంది అన్నారు. నా తల ఇంకాస్త పైకి లేచింది.

మూడోవాడు హవల్దార్ మునిరత్నం, చిత్తూరు తట్టు మనిషి. నమూనా అందుకుని ఎడమ భుజానికి పెట్టుకున్నాడు, వెంటనే దించేశాడు. కిటికీ అంచుని వేలితో తడిమాడు. మేజరు గారు కుడికి మార్చమన్నారు. మార్చాడు కానీ మెడ అంతా వంచి, ఎడమ కంటితో చూడటానికి తిప్పలు పడుతున్నాడు.

"కుడికంటికి దెబ్బ తగిలుండాది మేడమ్, చూపు మందం" అన్నాడు నాతో తెలుగులో. "ఇన్నేండ్లూ పుర్రచేత్తోనే కాలస్తా ఉండా. మా బ్యాచ్‌లో గురి నాదే. ఈ తుపాకి మా టీముకి ఇస్తే నన్ను స్టోర్‌కి పంపేస్తారు, దుప్పట్లు ఎంచుకోమని."

"కొన్నాళ్లు అభ్యాసం చేస్తే వచ్చేస్తుందండీ" అన్నాను. అదే పాట.

"నాకొక్కడికే గాదు మేడమ్. ఇట్ట చూడండి." మా వరండా మలుపు దగ్గరికి వెళ్లి గోడని ఆనుకున్నాడు. "గోడకి ఈ పక్కనుంచి కాల్చాలంటే కుడిచేతివాడు గూడా తుపాకి ఎడమ భుజానికి మార్చాల్సిందే. మార్చకపోతే ఒళ్లంతా గోడ బయటికొచ్చేస్తాది. మారిస్తే మీ కిటికీ మొహం కాలస్తాది. ఏం జేయమంటారు?"

జవాబు లేనప్పుడు ఎదుటివాడి మీద చిరాకు పడటం నా పాత జబ్బు. "ఏదైనా మొదట కష్టంగానే ఉంటుంది, అలవాటు చేసుకోవాలి" అన్నాను కాస్త గట్టిగానే.

మునిరత్నానికి కోపం రాలేదు. "సరే, మీరొకసారి పట్టి చూడండి" అని నమూనాని నా వైపు చాచాడు. చటుక్కున అందుకుని భుజానికెత్తాను. ఒక కన్ను మూసి, గురి చూసి, చెంప ఆనించాను. ఎడమ చెంపకి చెక్క అంచు చల్లగా తగిలింది. కిటికీ అంచు. నేను తుపాకీ ఎత్తింది ఎడమ భుజానికి.

అన్నం తినేటప్పుడు, రాసేటప్పుడు కుడిచెయ్యి ముందుకు రావాలని నా ఒంటికి బాగా తెలుసు. తుపాకీ ఎత్తడం ఎవరూ నేర్పలేదు కదా, అది దాని దారినే పోయింది. నేను గీసిన కిటికీ, నేను ఖాయం చేసిన పక్క, నా మొహానికే తగిలింది. గదిలో అందరూ చూశారు. గోపాలన్ సార్ పెద్దగా నవ్వి, "వసంతా, నువ్వు లెఫ్టా!" అన్నారు. మేజరు గారూ నవ్వారు. నేను గబగబా దాన్ని కుడి భుజానికి మార్చేశాను, దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అందరూ నవ్వినందుకు కాదు. నవ్వనివాడు ఒక్కడున్నాడు.

మునిరత్నం నేను భుజం మార్చిన తొందరని చూశాడు. దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "అంత భయం ఏంది మేడమ్? ఎవురూ కొట్టర్లే."

ఆ మాటకి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నన్ను కట్టేసిన గుడ్డనే తీసుకెళ్లి ఆ మనిషికి కట్టబోయాను. పైగా నాకు నొప్పి తెలుసు. తెలిసీ కష్టం కాదన్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మేజరు గారి ముందు కూర్చుని, నేను చెప్పింది తప్పు, కిటికీ రెండు పక్కలా పెట్టాలి, పని నేనే మళ్లీ చేస్తాను అన్నాను. గోపాలన్ సార్ మొహం మాడ్చుకున్నారు. మేజరు గారు మాత్రం వరండా మలుపు వైపు ఒకసారి చూసి, "చెయ్యండి" అన్నారు. అచ్చుల ఆర్డరు ఆగింది. మునిరత్నం జీపెక్కుతూ నాకు ఎడమచేత్తో సెల్యూట్ లాంటిది ఒకటి కొట్టి నవ్వాడు. నేనూ నవ్వాననే అనుకుంటున్నాను.

సాయంత్రం ముదలియార్‌పేటలో ఇంటికి వచ్చేసరికి సిగ్గు కాస్తా కోపంగా మారింది. అమ్మ అన్నం వడ్డించింది. నేను కావాలనే ఎడమచెయ్యి కంచంలో పెట్టి కలిపాను. అలవాటు లేక సాంబారు మోచేతిదాకా కారింది.

అమ్మ చూసింది. "తిను. ఇప్పుడు ఎవురు వొద్దన్నారు?"

"అప్పుడు ఎందుకు కట్టేస్తివి మా?"

అమ్మ పెళ్లికి ముందునుంచీ నూలు మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. "మిల్లులో మెషిన్లన్నీ కుడిచేతికే పెట్టినారు పాపా. నాతో పనిజేసే ఆడమనిషి పుర్రచేత్తో బోయి యేలు పోగొట్టుకున్నది. నువ్వు గూడా మిల్లుకే వస్తావనుకుంటి. అంత పెద్ద సదువు సదువుతావని నాకు యాడ తెలుసు?"

ఇన్నేళ్లూ అది ఊరివాళ్ల నోటికి భయపడి కట్టిన గుడ్డ అనుకున్నాను. కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అందుకని పొద్దుటి కథంతా చెప్పుకొచ్చాను: కిటికీ, చెంప, మునిరత్నం, అందరి నవ్వు. అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. మునిరత్నం మాట దగ్గర "పాపం, మంచోడు" అన్నది.

"సెరి గానీ, మిక్సీని భుజానికి ఎందుకు ఎత్తుకుంటారు?"

"మిక్సీ కాదు మా." అన్నం ముద్ద చేతిలోనే ఉంది. "తుపాకి."

అమ్మ లేచి చెంబుతో నీళ్లు తెచ్చి నా పక్కన పెట్టింది. అప్పుడు అడిగింది. తిట్టినట్టు కాదు, తెలియక అడిగినట్టే.

"ఎనకమాల నిలబడేవాడి చెంప గురించి ఇంతసేపు చెప్తివి. ముందర నిలబడేది ఎవురు?"

ఏం చెప్పాను? శత్రువులు అన్నాను. అమ్మ "ఆమా, ఆమా" అని, అవునవునన్నట్టు తలాడించి కంచం తీసుకెళ్లింది. సైన్యానికి తుపాకీ అక్కర్లేదని ఆవిడా అనలేదు, నేనూ అనను. అందులో మునిరత్నం లాంటివాళ్లు ఉన్నారు, వాళ్ల మొహాలు కాలకూడదు. రెండు పక్కలా కిటికీ ఉన్న ఆ డిజైన్‌ని తర్వాతి నెలల్లో పూర్తి చేసి అప్పగించాను. అది సైన్యానికి చేరిందో, ఏ గోదాములో పడి ఉందో మాకెవరూ చెప్పలేదు. అడిగే ధైర్యం నాకూ లేకపోయింది.

ఇప్పుడు నేను డిజైన్ పాఠాలు చెబుతున్నాను. ఆ రైఫిల్ పని నేర్పింది ఇదీ అని విద్యార్థులకి చెప్పేటప్పుడు మొదటి సగమే చెబుతాను: మీకు అలవాటైపోయిన నొప్పిని ఇంకొకరికి నియమంగా పెట్టకండి. అది నిజమే, చెప్పడానికి బాగుంటుంది. రెండో సగం చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. మా డ్రాయింగుల్లో వస్తువుని వాడే మనిషి బొమ్మని గీస్తాం, భుజం ఎత్తు, చెయ్యి పొడవు సరిచూడటానికి. ఆ రైఫిల్ డ్రాయింగులో ఆ బొమ్మ తుపాకీ వెనక నిలబడి ఉంటుంది. అమ్మ అడిగిన మర్నాడు ఆఫీసులో ఆ షీటు తీసి, మొదటిసారి గొట్టం ముందువైపు చూశాను. అక్కడ మనిషి లేడు. తెల్ల కాగితం, దాని చివర గీసినవాళ్ల వివరాలు రాసే చిన్న గడి. గొట్టానికి ఎదురుగా, అందమైన అక్షరాల్లో, నా పేరు ఉంది.