చప్పుడు చేయని కంప్రెసర్

పాత బస్సును ఇల్లుగా మార్చుకున్న ఆ హెడ్‌గుమాస్తాకు దోమ ఆవలించినా వినబడుతుంది. బస్సును కిందనుంచి మోసే గాలిసంచులు నీరసించినప్పుడల్లా ఆయన ఇంజను ఆన్ చేసి నింపేవాడు. "ఇంకోసారి ఈ మోత వినబడితే బండి తీసుకుపోండి," అన్నాడు బస్సు నిలిపిన స్థలం యజమాని. దాంతో ఆ సంచుల్లో గాలి నింపడానికి చప్పుడు చేయని కంప్రెసర్ కోసం దుకాణాలన్నీ గాలించాడు. ప్రతిదానికీ డాక్టరులా చెవి ఆనించి, "గురక పెడుతోంది," అని పెదవి విరిచాడు. చివరికి ఒకటి తెచ్చి, పరుపులో గట్టిగా చుట్టి, స్విచ్ వేసి మీసం దువ్వుకున్నాడు. కాసేపటికి చప్పుడు పూర్తిగా ఆగిపోయింది.

"చూశావుటే, ఊపిరి కూడా వినబడదు."

పరుపులోంచి మాడు వాసన వస్తోంది. బల్లమీంచి జారుతున్న గ్లాసును భార్య పట్టుకుంది.

"అది ఊపిరాడక చచ్చిందండీ. బస్సు ఒరిగిపోతోంది."

ఆయన తలుపు పట్టుకుని, ఏటవాలుగా నిలబడి, తాపీగా దిద్దాడు:

"బస్సు సరిగ్గానే ఉంది. నేలే వంకర."