దాటేయకుండా చదువు

మా అత్తగారు పోయారు. కిందటి నెల ఒక మధ్యాహ్నం మజ్జిగన్నం తిని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. అస్థికలు ముక్త్యాల రేవులో కలిపి వచ్చిన సాయంత్రం, పలకరించడానికి నందిగామ నుంచి వచ్చిన మా ఆడపడుచు వరసావిడ నన్ను వంటింట్లోకి లాక్కుపోయి, గొంతు తగ్గించి, "ఇన్నాళ్ళకి తాళాలు నీ చేతికొచ్చాయి వదినా. ఇక నీ రాజ్యమే" అంది. ఓదార్పు అనుకునే అంది పాపం. నాకు ఒళ్ళు మండిపోయింది.

చావింట్లో కేకలేస్తే బాగుండదని ఊరుకున్నాను. ఆ తర్వాత వచ్చినవాళ్ళూ కాస్త అటూ ఇటుగా అదే మాట. "ఆవిడ గట్టి మనిషి, ఎలాగో నెగ్గుకొచ్చావు" అని ఒకరు, "ఇప్పటికైనా ఊపిరి పీల్చుకో" అని ఇంకొకరు. వీళ్ళలో ఎవరికీ మా అత్తగారు తెలియదు. వీళ్ళకి తెలిసింది నవలల్లో అత్తగారు. ఆ నవలల అత్తగారితో నేనూ మా అత్తగారూ ఒక ఏడాదంతా కాపురం చేశాం కాబట్టి, ఈ నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుంది.

చాలా ఏళ్ళ కిందట జగ్గయ్యపేటలో మా పెరట్లో తడిబండ మీద జారి ఆవిడ తుంటి విరిగింది. కట్టు కట్టినాయన మంచం దిగొద్దన్నాడు. మామగారు చిన్న వయసులోనే పోతే, వత్సవాయిలో దగ్గరుండి వ్యవసాయం చేయించిన మనిషి ఆవిడ. పడుకోవడం తెలియదు. కాకుల్ని తిట్టేవారు, వీధిలో పోయే మిరపకాయల బండ్లని తిట్టేవారు, మిగిలిన తిట్లు నాకు. నందిగామ తాలూకా ఆఫీసులో గుమాస్తా అయిన మావారు తట్టుకోలేక, అక్కడి గ్రంథాలయం నుంచి ఒక నవల తెచ్చి నా చేతిలో పెట్టారు. "మధ్యాహ్నం పూట చదివి వినిపించు. అమ్మ కాస్త నెమ్మదిస్తుంది."

అత్తగారికి అక్షరం రాదు. ఆవిడ మంచం మీద, నేను కింద పీట మీద. గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే ఆయన "ఆడవాళ్ళకేగా" అని అత్తాకోడళ్ళ నవలలే ఏరి ఇచ్చేవాడట. మొదటిదాంట్లోనే అత్త కోడలికి బియ్యం పిడికిలితో కొలిచి పోస్తుంది, ఆవకాయ జాడీ ఉన్న గదికి తాళం వేస్తుంది. అత్తగారి ఎదురుగా కూర్చుని అది చదవడానికి నాకు నోరు రాలేదు. మెల్లిగా దాటేసి కింది పేరాలోకి పోయాను.

"ఏం దాటేశావు?"

"ఏం లేదత్తయ్యగారూ. ఏదో వర్ణన."

"కళ్ళు కిందికి పోయాయి, నోరు కదల్లేదు. వర్ణనైతే ఏం, చదువు. దాటేయకు."

చదివాను. అంతా విన్నారు. "ఆ ముసల్దానికి పేరు లేదా?"

"లేదండి. అత్త అనే రాశారు."

"ఆ రాసినాయన్ని కన్నతల్లి కూడా ఎవరికో అత్తే కదా. ఆవిడనేమైనా అడిగాడా?"

ఆ ఏడాదంతా అలాగే గడిచింది. తిడుతూనే వినేవారు, ఒక్కరోజు ఆపనిచ్చేవారు కాదు. నాయకుడూ నాయికా ఏటి ఒడ్డున పేజీలకి పేజీలు మాట్లాడుకుంటుంటే, "పొద్దుటినుంచీ కూర్చున్నారు. వీళ్ళింట్లో వంటెవరు చేస్తున్నారు?" అనేవారు. ఏ నవలైనా అదే ప్రశ్న. ఇంటి ఖర్చు పైసాతో సహా రాసుకునేదాన్ని కాబట్టి నాకూ ఆ అనుమానమే ఉండేది. ఉద్యోగం సద్యోగం లేకుండా ఫిడేలు వాయించుకునే అబ్బాయింటికి బియ్యం ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ఏ రచయితా చెప్పలేదు.

ఒక ఆదివారం చదివిన నవలలో కోడలు అత్త మాటలు పడలేక నూతిలో దూకింది. అత్తగారు భగ్గుమన్నారు. "మొగుడేడీ?"

"మేడమీదున్నాడండి. బాధపడుతున్నాడు."

"దిగడానికి ఆ మేడకి మెట్లు కట్టలేదా రాసినాయన?"

వసారాలో కూర్చున్న మావారు పకపకా నవ్వారు. "నువ్వు నవ్వకురా. లేచి నీళ్ళు తోడు. ఇది రోజూ ఒక్కతే నూతి దగ్గరికి పోనక్కర్లేదు" అన్నారు అత్తగారు. ఆయన లేచారు. ఆ రోజునుంచి మా ఇంట్లో నీళ్ళు తోడటం ఆయన పని. పక్కింటాయన గోడ మీంచి చూసి, "ఏమండీ గుమాస్తాగారూ, నూతి దగ్గరికి బదిలీ అయిందా?" అని చాలాకాలం ఏడిపించాడు. కొడుకుని ఆ మాటలు పడనిచ్చిన తల్లి గురించి ఇవాళ నాకు ఊపిరి పీల్చుకోమని చెబుతున్నారు.

ఇంకో నవలలో కోడలు అందరూ తిన్నాక గిన్నె అడుగు గీరుకుని తింటుంది. ఆ వాక్యం చదివి పేజీ తిప్పబోతుంటే ఆగమన్నారు.

"నువ్వెప్పుడు తింటున్నావమ్మాయ్?"

"అందరూ అయ్యాకండి."

"ఏం తింటున్నావు?"

"ఉన్నదేదో."

నేను కాపురానికి వచ్చిన నాడు ఆ పద్ధతి చెప్పింది ఆవిడే. ఆవిడా అలా తిన్న మనిషే. మర్నాడు అన్నం కలిపి తెస్తే కంచం ముట్టలేదు.

"నీదీ తెచ్చుకో."

"మీరు కానివ్వండి, నేను తర్వాత తింటాను."

"చల్లారిపోతుంది. ఆపైన నీ ఇష్టం."

తెచ్చుకున్నాను. ఆ మధ్యాహ్నం నుంచి మొన్నటి ఆ మజ్జిగన్నం దాకా మేం కలిసే తిన్నాం.

ఆవిడ దేవత అని నేను రాయడం లేదు. తాలింపులో నూనె కాస్త ఎక్కువైతే రోజంతా సాధించేవారు. నా వంకాయ కూరని చివరిదాకా బురద అనే పిలిచారు. కానీ ఆ ఏడాది మేం చదివిన అన్ని నవలల్లోనూ ఒక అత్తా ఒక కోడలూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్న చోటు ఒక్కటి లేదు. అత్త అంటే రాక్షసి. కాదంటే చివరి పేజీలో కోడలి చేతులు పట్టుకుని ఏడ్చి మారిపోయే ముసలమ్మ. మా అత్తగారు ఏడవలేదు. కంచం ముట్టలేదు, అంతే. అది రాయడం రాసేవాళ్ళకి అంత కష్టమా? రాసేవాళ్ళు రాయకపోతే మానె, ఇంటికొచ్చి కళ్ళారా చూసినవాళ్ళకి కూడా కనబడలేదా?

తాళాల సంగతి కూడా చెబుతాను. ఆవిడ నడుమునుండే గుత్తి ఆ ఏడాదే గూట్లోకి చేరింది. అవసరమైనవాళ్ళం తీసుకునేవాళ్ళం, మళ్ళీ అక్కడే పెట్టేవాళ్ళం. మా ఇంట్లో వాటికోసం ఎవరూ చావక్కర్లేకపోయింది.

పోయినవారం మావారు అలవాటు కొద్దీ ఒక నవల తెచ్చి, తెచ్చాక గుర్తొచ్చినట్టు, మంచం మీద పెట్టి వెళ్ళిపోయారు. ఆదివారం మధ్యాహ్నం, మావారు పెరట్లో నీళ్ళు తోడుతుంటే, పని తెముల్చుకుని, పరుపు చుట్టేసిన ఆ నవారు మంచం పక్కన పీట వేసుకుని తెరిచాను. పైకే చదివాను. మనసులో చదువుకోవడం నాకు చేతకావడం లేదు. కాసేపటికి అత్త రానే వచ్చింది, వస్తూనే కోడలి ముందున్న కంచం లాగేసింది. నా కళ్ళు కిందికి పోయాయి. నోరు కదల్లేదు.

ఆగాను. వెనక్కి వెళ్ళి, ఆ వాక్యం మొదటినుంచి, గట్టిగా చదివాను.

పెరట్లో నూతి మీద గిలక చప్పుడు ఆగిపోయింది.