తప్పు నంబరు పడిన ఆపరేషన్

పాతబస్తీలోని ఒక సర్కారు దవాఖానాలో నేను పదేళ్లు రికార్డుల గుమస్తాగా పనిచేశాను. కేసు షీట్లు చూసి, ఎవరికి ఏ ఆపరేషన్ జరిగిందో రిజిస్టర్లో ఎక్కించడం నా పని. డాక్టర్ల రాత ఎవరికీ అర్థం కాకపోతే నన్ను పిలిచేవాళ్లు. ఆ పిలుపు కోసం చెవులు రిక్కించుకుని కూర్చునేదాన్ని.

ఎనభయ్యో దశకం మొదట్లో, మద్రాసులో రికార్డుల పనిలో శిక్షణ పొందిన ఒక అమ్మాయి మా గదిలో పనికి వచ్చింది. వెంట లావుపాటి పుస్తకం తెచ్చింది. ఇకపై ప్రతి ఆపరేషన్‌కూ అందులోని నంబరు వేయాలట, అన్ని దవాఖానాల లెక్కా ఒకే తీరున ఉండాలట. పాత షీట్లకు కూడా తను నంబర్లు వేసేశాక, ఒకరోజు పెద్ద సర్జన్ అయిదేళ్ల హెర్నియా కేసులన్నీ కావాలన్నారు. నాకు రెండు రోజులు పట్టే పని. ఆ అమ్మాయి నంబరు చూసి, ఆయన చాయ్ తాగేలోపు కట్ట తెచ్చి ముందు పెట్టింది. ఆయన ఆమెను మెచ్చుకుంటుంటే నేను నవ్వుతూ నిలబడ్డాను. ఇంటికి వెళ్లి, కూరలో ఉప్పు ఎక్కువైందని చెల్లెలి మీద విరుచుకుపడ్డాను. ఆఫీసులో ఆ అమ్మాయి నన్ను ‘అక్కా’ అని పిలిచినా వెక్కిరింపులాగే వినిపించేది.

ఒక మధ్యాహ్నం తను నంబరు వేసిన షీటొకటి నా కంటపడింది. పిండం గర్భసంచిలో కాక దాని పక్క గొట్టంలో నిలిచిన ఒకామెకు, ఒక పక్క గొట్టం తీసేశారు. డాక్టరు గీతలు తనకు అర్థం కాలేదు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ నంబరు వేసింది. నేను చూశాను. చెప్పలేదు. ఎవరో పెద్దవాళ్లే పట్టుకోవాలి, తనకు అందరి ముందూ చీవాట్లు పడాలి అనుకున్నాను. షీటును ఉన్నచోటే పెట్టేసి హాయిగా అన్నం తిన్నాను.

ఏడాది తర్వాత బహదూర్‌పురాలో పాలవ్యాపారం చేసే ఒకతను భార్యను వెంటబెట్టుకుని మా కిటికీ దగ్గరికి వచ్చాడు. మళ్లీ కడుపు పండలేదని ఒక లేడీ డాక్టరుకు చూపిస్తే, పాత ఆపరేషన్ కాగితం తెమ్మందట. వారం కిందట మా ఆఫీసు ఆ షీటు మీది తప్పు నంబరును బట్టి కాగితం టైపు చేసి ఇచ్చింది.

“నాకు జెప్పకుండ పిల్లల్గాకుండ ఆపరేషన్ చేయించుకున్నదట మేడం. ఇగ పుట్టింటికి పొమ్మన్న,” అన్నాడు.

ఆమె కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. “నేను గట్ల చేయించుకోలేదమ్మా. ఎంత జెప్పినా ఇంటలేడు,” అంది నాతో.

షీటు తీసి అతనికి ఒక్కో మాటా చదివి వినిపించాను. ఒక గొట్టమే తీశారని, రెండోది బాగానే ఉందని చెప్పాను. నమ్మలేదు. ఇద్దరినీ సర్జన్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చెప్పాక అతను తల దించుకున్నాడు. ఆమె అతని కోసం ఆగకుండా ముందు నడిచి వెళ్లిపోయింది.

గదిలో ఆ అమ్మాయి ఏడుస్తోంది, ఒక ఇల్లు కూలగొట్టబోయానని. అప్పుడు కూడా ఊరుకుంటే సరిపోయేది. ఉండలేకపోయాను.

“నేను గప్పుడే చూసిన,” అన్నాను. “నీకు తిట్లు పడాలని చెప్పలే.”

తను కళ్లు తుడుచుకుంది. “నన్ను తిట్టించాలంటే వేరే దారి దొరకలేదా అక్కా?” అంది.

వారం రోజులు తను నా బల్ల వైపు రాలేదు. తర్వాత అర్థం కాని షీటొకటి తెచ్చి నా ముందు పెట్టింది. చదివి చెప్పాను. ఆ పుస్తకం చూడడం నేర్పమని అడగడానికి మాత్రం నాకు ఇంకో ఏడాది పట్టింది.