మా అక్క కుట్టిన పిట్టల గుంపు

మా అక్క ఊళ్ళో సగం కిటికీలకు పరదాలు కుట్టింది. ఒక్కరూ ఆమె చేతిపని మెచ్చుకున్న పాపాన పోలేదు. పరదా కుదిరితే కిటికీ బాగుందంటారు, అదీ లోకం తీరు! పక్కనే కూర్చుని కుట్టే నాకు ఒళ్ళు మండేది.

"ఒక్కటైనా జనం తలెత్తి చూసేది కుట్టాలే," అనేది అక్క.

కొత్త లైబ్రరీలో మెట్ల పక్క ఎత్తైన గోడ ఖాళీగా ఉందని తెలిసింది. అక్క వెళ్ళి, ఆ గోడకు వేలాడదీసేది ఒకటి కుట్టి ఇస్తానని అడిగేసింది. నమూనా చూడటానికి మా కొట్టుకే వస్తాననీ, నచ్చకపోతే పెయింటింగ్ పెట్టుకుంటామనీ లైబ్రరీ మేడమ్ అంది.

ఆ సాయంత్రం నన్ను డాబా మీదికి ఈడ్చుకెళ్ళింది. ఆకాశం నిండా పిట్టలు. అన్నీ ఒక్కసారి ఇటు తిరిగి నల్లబడ్డాయి, అటు తిరిగి మాయమయ్యాయి. ఒకదానికొకటి తగలవు. నడిపించేది ఏదో తెలియదు. లెక్కపెట్టబోయి ఓడిపోయాను.

"నాకు ఆ తిరగడం కావాలే," అంది అక్క.

పలచటి బట్ట మీద పిట్టల్లా కత్తిరించిన చిన్న చిన్న ముక్కలు వేసింది. ఒకవైపు నలుపు, ఇంకోవైపు తెలుపు. తల దగ్గర ఒక్క కుట్టు, తోక వదులు. గాలికి బట్ట కదిలితే అన్నీ కలిసి తిరగాలి. మా కుట్టు కొట్లో పైకప్పు నుంచి వేలాడదీశాం. కిటికీ తెరిచినా ఉలుకూ పలుకూ లేదు.

"చచ్చిన పిట్టల్ని ఆరేసినట్టుందక్కా," అన్నాను. నా నోరు ఊరుకోదు కదా!

అక్క కళ్ళు నిండాయి. "నా వల్ల కాదే. మేడమ్ వచ్చేలోపు తీసెయ్."

మడతపెట్టబోయి కింది అంచు పట్టుకున్నాను. చేతికి గట్టిగా తగిలాయి. సీసపు గుళ్ళు! పరదాలు గాలికి ఎగరకుండా అంచులో వేసి కుట్టేస్తాం, అవి.

"ఓసి నా తల్లీ! ఎగరాల్సినదానికి కూడా గుళ్ళు వేశావా?"

అక్క నాలుక కరుచుకుంది. "అలవాటులో పొరపాటే!"

నవ్వుతూనే కత్తెరతో అంచు విప్పాను. గుళ్ళు నేల మీద టపటపా రాలాయి. కిటికీలోంచి గాలి వచ్చింది. బట్ట మెల్లగా లేచింది. పిట్టలన్నీ ఒక్కసారి నల్లబడి, ఒక్కసారి తెల్లబడి, మళ్ళీ తిరిగాయి. డాబా మీద చూసిన ఆకాశమే మా కొట్లోకి వచ్చేసింది.

"అక్కా, చూడు!"

అక్క బట్టను చూడటం లేదు. గుమ్మం వైపు చూస్తోంది. అక్కడ లైబ్రరీ మేడమ్ ఒక చెప్పు విప్పి, రెండోది విప్పడం మరిచిపోయి, తలెత్తి నిలబడి ఉంది.